బొరుగుల బట్టీ లెక్క

నాగవేణి ఉరుకుందప్ప ఫైలు తెచ్చి గురువుగారు కరీముల్లా బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడింది.

"ఇది నా వల్ల కాదు సార్. తిరిగి ఇచ్చేద్దాం."

కరీముల్లా కళ్లద్దాలు తీసి ఆమె వైపు చూశాడు. ఆదోనిలో ఆయన్ని అందరూ పన్నుల సాహెబ్ అంటారు. పత్తి మిల్లుల వాళ్ల దగ్గర్నుంచి ఒంటిగది కొట్టు నడుపుకునే వాళ్ల దాకా, నోటీసు వచ్చిందంటే ఆయన మేడ మెట్లు ఎక్కాల్సిందే. నాగవేణి సీఏ పాసై ఆయన దగ్గర చేరి ఏడాది దాటింది. ఏ సెక్షన్ అడిగినా పుస్తకం తెరవకుండా చెబుతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"ఏమైందమ్మా?"

"అబద్ధాలు చెప్తున్నాడు సార్."

ఉరుకుందప్పకు ఊరి చివర మరమరాలు వేయించే బొరుగుల బట్టీ ఉంది. కిందటేడు అది కాలిపోయింది. కొద్ది నెలల్లోనే మళ్లీ లేచింది. ఆ నెలల్లో అతని బ్యాంకు ఖాతాలో విడతలు విడతలుగా నగదు పడింది. ఎక్కడిదో చెప్పమని పన్నుల శాఖ నోటీసు పంపింది. సరైన జవాబు ఇవ్వకపోతే అందులో సగానికి పైగా పన్ను కింద పోతుంది. అదే జరిగితే బట్టీ అమ్ముకోవాలి.

"బొరుగులు అమ్మిన డబ్బంటాడు. బట్టీ కాలిపోతే బొరుగులెక్కడివి సార్? పాత సరుకంటాడు. అంత సరుక్కి వడ్లు ఎక్కడ కొన్నావంటే నేల చూపులు చూస్తాడు. ఇట్లాంటివాళ్లకు మనమెందుకు సాయం చెయ్యాలి? అసలు అబద్ధం చెప్పేవాళ్లను మీరు ఎట్లా గుర్తుపడతారు?"

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. ఫైలు పక్కకు జరిపాడు.

"ఈ ఏడు నీ రిటర్న్ వేసుకున్నావా?"

"ఇంకా లేదు సార్."

"రేపు నీ పాస్‌బుక్కు తీసుకురా. నేను వేస్తాను."

మర్నాడు ఆమె వచ్చేసరికి ఆయన ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా, పని మీద వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీ చూపించాడు. రోజూ చూసే కుర్చీయే గాని, ఆమె ఎన్నడూ అందులో కూర్చోలేదు. అక్కడ కిటికీ వెలుతురు నేరుగా కళ్లలో పడుతోంది.

ఆయన పాస్‌బుక్కు తిప్పుతూ పోయాడు. "ఇది జీతం. ఇది వడ్డీ. బాగుంది." ఒక పేజీ దగ్గర ఆగాడు. "నెలనెలా ఈ నగదేంటమ్మా?"

నాగవేణి ఆలోచించనైనా లేదు.

"ట్యూషన్లు చెప్తాను సార్."

"ఏ క్లాసు పిల్లలకు?"

"టెన్త్ వాళ్లకు."

"ఎక్కడ?"

"ఇంట్లోనే. సాయంత్రాలు."

ఆమె వేరేవాళ్లను అడిగే ప్రశ్నలే అవి. వరస కూడా అదే. ఆయన గొంతులో మాత్రం అనుమానం లేదు. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. రాసింది ఒకసారి చదువుకుని, కాగితం ఆమె వైపు తిప్పి, దాని పక్కన తన ఇంకు పెన్ను పెట్టాడు.

"పైన చెప్పిందంతా నిజమని సంతకం పెట్టమ్మా."

ఆమె పెన్ను అందుకుంది. కాగితం మీద ఆయన గుండ్రటి అక్షరాల్లో టెన్త్ పిల్లలున్నారు, సాయంత్రాలున్నాయి. కింద వీధిలో పత్తి లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆయన తొందరపెట్టలేదు.

చాలాసేపటికి ఆమె పెన్ను కింద పెట్టింది.

"మా అమ్మ ఇస్తుంది సార్. ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోముతుంది. నా చదువుకు తెచ్చిన అప్పు తీరేదాకా తానూ కడతానంటుంది. వద్దన్నా వినదు." పెన్నుకు మూత పెట్టింది. "ఇక్కడ చేరేటప్పుడు అమ్మ ఇంట్లోనే ఉంటుందని చెప్పాను."

కరీముల్లా ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి చించేశాడు.

"తల్లి బిడ్డకిచ్చినదానికి పన్ను ఉందా అమ్మా?"

"లేదు సార్."

"నీకు తెలుసు కదా?"

"తెలుసు సార్."

ఆయన కాగితం ముక్కలు బుట్టలో వేశాడు. లేచి, ఉరుకుందప్ప ఫైలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మీ అమ్మ ఇచ్చినట్టు ఒక కాగితం రాసి సంతకం తీసుకురా. దగ్గరుంచుకుందాం. ఈ ఫైలు తిరిగిచ్చేస్తావో, చూస్తావో నీ ఇష్టం."

నాగవేణి మధ్యాహ్నం ఫంక్షన్ హాలుకు వెళ్లింది. అప్పటిదాకా ఆ గేటు దాటి ఎరగదు. వెనకవైపు కుళాయి దగ్గర పెద్ద పెద్ద గంగాళాల మధ్య తల్లి కూర్చుని ఉంది. కూతుర్ని చూడగానే బెదిరిపోయి లేచింది.

"ఇక్కడికెందుకొచ్చినావు పాపా? మీ ఆఫీసోళ్లు ఎవరన్నా చూస్తే?"

నాగవేణి కాగితం చదివి వినిపించింది.

"నా పేరెందుకే అందులో? నీ పేరుంటే చాలదా?"

"ఇచ్చింది నువ్వు కదమ్మా."

తల్లి చేతులు కొంగుకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. గంగాళం బోర్లించి దాని మీద కాగితం పెట్టి, కూడబలుక్కుంటూ సంతకం చేసింది. పక్కన తోముతున్న ఆడవాళ్లు తలెత్తి చూస్తున్నారు.

"మా పాప," అంది వాళ్లతో.

ఆఫీసుకు తిరిగి వెళ్లకుండా నాగవేణి అటునుంచి అటే బట్టీకి పోయింది. చేతిలో ఫైలు లేదు. ఉరుకుందప్ప పొయ్యి ముందు నిలబడి కాగిన ఇసుకలో బొరుగులు వేయిస్తున్నాడు.

"మళ్లీ అడిగేదానికొచ్చినావా తల్లీ?"

"లేదు పెద్దాయనా."

ఆమె ఒక గోనెసంచి మీద కూర్చుంది. ఇంత వేడిలో ఎట్లా నిలబడతావని అడగబోయి, ఇంకేదో చెప్పింది. వాళ్లమ్మ గిన్నెలు తోముతుందని చెప్పింది. ఆ డబ్బు గురించి పొద్దున తానే అబద్ధం చెప్పానని, ఇప్పుడే అమ్మ సంతకం తీసుకుని వస్తున్నానని చెప్పింది. ఎందుకు చెబుతున్నదో ఆమెకూ సరిగ్గా తెలియలేదు. అతను వింటూ జల్లెడ పట్టాడు. ఇసుక కిందికి రాలింది, తెల్లటి బొరుగులు పైన నిలిచాయి.

"నా తమ్ముడిచ్చినాడు," అన్నాడు.

పొలం పంచుకునేటప్పుడు మాటామాటా పెరిగింది. నీ రూపాయి ముట్టనని ఉరుకుందప్ప నలుగురి ముందర తమ్ముడితో అన్నాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. బట్టీ కాలినాక ఆ తమ్ముడే వచ్చాడు. పత్తి డబ్బు చేతికొచ్చినప్పుడల్లా తెచ్చి, గూట్లో పెట్టి, పలకకుండా పోయేవాడు.

"నేనూ పలకలేదు. తీసుకున్నా, అంతే. ముట్టనన్న చేత్తోనే తీసుకున్నా. అది కాగితం మీద ఎట్ల రాయల్ల తల్లీ?"

అన్నదమ్ముల మధ్య కానుకకు పన్ను లేదన్న మాట ఆమె నాలుక మీదికి వచ్చింది. అప్పుడే అనలేదు.

"సంతకం పెట్టేటప్పుడు మీయమ్మ ఏమన్నది?" అతనే అడిగాడు.

"నా పేరెందుకే అంది."

ఉరుకుందప్ప పొయ్యిలోకి మంట ఎగదోశాడు. "వాడూ అదే అంటాడు."

అప్పుడు చెప్పింది పన్ను సంగతి. తమ్ముడు ఇచ్చినట్టు సంతకం చేసి, పత్తి అమ్మిన రసీదులు జతచేస్తే చాలని చెప్పింది. అతను మిగిలిన బొరుగులు సంచిలోకి ఎత్తాడు. చివరికి పొయ్యి ఆర్పి, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, చెప్పులు వేసుకున్నాడు.

తర్వాత ఆ జవాబును శాఖవాళ్లు ఒప్పుకున్నారు. బట్టీ నిలిచింది. కానీ నాగవేణికి బాగా గుర్తుండిపోయింది అన్నదమ్ములిద్దరూ ఆఫీసుకు వచ్చిన రోజు.

తమ్ముడి పేరు నరసప్ప. అన్న పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా, అతను గోడవారగా నిలబడ్డాడు. ఉరుకుందప్ప తన మోకాళ్ల వైపే చూస్తున్నాడు. తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు కూడా నోటితో పిలవలేదట. వాకిట్లో నిలబడ్డాడట, తమ్ముడు చూసి వెంట నడిచాడట.

నాగవేణి కాగితం మెల్లగా చదివింది. ఈ సొమ్ము మా అన్నకు నేనే ఇచ్చాను, తిరిగి అడగను, అని ఉంది అందులో. నరసప్ప వంగి, కరీముల్లా పెన్నుతో సంతకం చేశాడు.

ఉరుకుందప్ప ఆ సంతకం వైపు చూశాడు.

"ఇంటిపేరు రాయలేదు," అన్నాడు.

నరసప్ప అన్న ముఖం వైపు చూడలేదు. మళ్లీ వంగాడు. పేరుకు ముందు చోటు చాలక, పైన చిన్న చిన్న అక్షరాలతో ఇంటిపేరు రాశాడు. ఒక అక్షరం దగ్గర సిరా ఎక్కువ దిగింది.

నాగవేణి కాగితం అందుకోబోయింది. కరీముల్లా చెయ్యి అడ్డం పెట్టాడు.

"సిరా ఆరనీ అమ్మా."