మంచు కమ్మిన ఆట

కొండల నడుమ, మబ్బులు ఇళ్లలోకి తొంగిచూసే ఒక రాజ్యంలో విద్యాశాల ఉండేది. అక్కడి కుర్రాళ్లు ఎత్తైన గుంజకు కట్టిన వెదురుబుట్టలో బంతి వేసే ఆటలో గట్టివాళ్లు. వాళ్ల గురువు రేచన్న ఆట సాగినంతసేపూ కళ్లు మూసుకుని కూర్చునేవాడు.

"నిద్రపోతున్నాడు బావా!" అని రాజుగారి బావమరిది గజపాలుడు ఫిర్యాదు చేశాడు. విచారణ తేలేదాకా రేచన్న ఆట చూడరాదని రాజు ఆజ్ఞాపించి, జట్టును ఆడించే పదవి బావమరిదికే ఇచ్చాడు.

పొరుగు రాజ్యంతో పోటీనాడు పాలనురగలాంటి మంచు దిగింది. గుంజలూ మనుషులూ కలలోలా కరిగిపోయారు. "ఏమీ కనబడకుండా ఎలా ఆడించను?" అంటూ గజపాలుడు చేతులెత్తేశాడు. ఆట ఆపితే ఓడినట్టే.

ఆ బుట్టలు అల్లే సూరమ్మ, ఆట చూస్తున్న రాజు ముందుకొచ్చింది. "కళ్లు మూసుకుని ఆడించేవారున్నారుగా మహాప్రభూ! ఈ మంచులో ఆయనకీ ఆట కనబడదు. మీ ఆజ్ఞ తప్పినట్టు కాదు."

రేచన్న వచ్చి కళ్లు మూసుకున్నాడు. అడుగుల చప్పుడు వింటూ, "మాచా, కాలీడుస్తున్నావు, పక్కకు రా. బంతి ఎడమవైపు పంపండ్రా" అన్నాడు. వెనకబడిన జట్టు సమానమైంది. ఇంకొక్క బుట్ట పడితే గెలుపే.

అంతలో ఎండ కాసి మంచు విడిపోయింది. సూరమ్మ గబగబా గురువు చెయ్యి పట్టుకుంది.

"లేవండి గురువుగారూ, ఆట కనబడుతోంది. ఇంకా కూర్చుంటే రాజాజ్ఞ ధిక్కారం."

ఇద్దరూ నడక సాగించారు. రాజు ఆటను చూశాడు, బావమరిదిని చూశాడు, తలపాగా జారుతున్నా వాళ్ల వెనకే పరుగెత్తాడు.

"ఆగండి రేచన్నగారూ! విచారణ అయిపోయింది!"