గాలి తగలకూడని జార్

నాగులవరం ఆసుపత్రిలో పరాంకుశం అనే ల్యాబ్ టెక్నీషియన్ ఉండేవాడు. మూత పెట్టిన వస్తువు కనబడితే తీసి చూడందే అతనికి ప్రాణం నిలిచేది కాదు. ఇంట్లో ఉడుకుతున్న అన్నం మూత పదిసార్లు తీసేవాడు. "మీ ఆత్రం తగలెయ్య, రోజూ పలుకన్నమే!" అని భార్య తిట్టేది.

ఒక మంగళవారం దర్జీ మౌలాలి కాలి పుండులోంచి తీసిన చీము ల్యాబ్‌కి వచ్చింది. మైక్రోస్కోపులో చూస్తే పుల్లల్లాంటి క్రిములు కిటకిటలాడుతున్నాయి. డాక్టర్ సుగుణ ఆ చీమును క్రిములు పెంచే ప్లేట్ల మీద పూసి, గాలి లేని జార్‌లో పెట్టి మూత బిగించింది.

"పరాంకుశం గారూ, మనల్ని బతికించే గాలే వీటికి విషం. లోపలున్న ఈ కాగితం తెల్లగా ఉంటే గాలి లేనట్టు, నీలంగా మారితే చొరబడినట్టు. నేను ఊరెళ్తున్నాను. గురువారం దాకా మూత ముట్టుకోకండి. అప్పుడు తీసి చూసి రిపోర్టు రాయండి" అంది.

"అలాగే మేడమ్" అన్నాడు పరాంకుశం.

బుధవారం మధ్యాహ్నం గదిలో ఎవరూ లేరు. జార్ లోపలినుంచి ఎవరో తనను చూస్తున్నట్టు అనిపించింది అతనికి. 'ఒక్క క్షణమే కదా' అనుకుని మూత తీశాడు. కుళ్ళు వాసన గుప్పున మొహానికి కొట్టింది. ప్లేట్ల మీద మాత్రం ఏమీ లేదు. గబగబా బిగించేశాడు. సాయంత్రానికి కాగితం అంచుల నుంచి నీలమెక్కింది.

గురువారం కూడా ప్లేట్లు ఖాళీగానే ఉన్నాయి. మైక్రోస్కోపులో చూసిన పుల్లలు అతనికి గుర్తొచ్చాయి. అయినా చేసిన తప్పు చెప్పుకోలేక, "ఏ క్రిమీ పెరగలేదు" అని రిపోర్టు రాశాడు. అది నమ్మి సర్జన్ మౌలాలికి ఇస్తున్న మందు ఆపేశాడు.

ఆదివారానికి మౌలాలి పాదం నల్లబడింది. వేలితో నొక్కితే చర్మం కింద చిటపటమని చప్పుడు వచ్చింది. ప్రాణం దక్కాలని మోకాలి దాకా కాలు తీసేశారు.

సుగుణ తిరిగొచ్చి, తీసేసిన కాలి నుంచి చీము తీసి, ప్లేట్ల మీద పూసి మళ్ళీ జార్‌లో పెట్టింది. రెండు రోజులు ఎవరినీ దాని దగ్గరికి రానివ్వలేదు. మూత తీసేసరికి ప్లేట్ల నిండా క్రిములు. అదే కుళ్ళు వాసన.

"మొన్న కాగితం ఏ రంగులో ఉంది?" అని అడిగింది.

"నీలం" అన్నాడు పరాంకుశం తల వంచుకుని.

నెల తర్వాత మౌలాలి చంకకర్రల మీద పరాంకుశం దగ్గరికి వచ్చాడు.

"బాబూ, పురుగే లేదని రాశారంట కదా! కాలు పోయింది. పోయిన కాలు ఇప్పటికీ మిషను తొక్కతానే ఉంది. లేని కాలు ఎట్టా నొప్పెడతది బాబూ?"

ఆ రోజు ఇంట్లో అన్నం మూత పరాంకుశం ముట్టుకోలేదు.

పిల్లలూ, ఆగవలసిన చోట ఆగలేనివాడు, ఉన్నదాన్ని తానే చంపి, అది లేదని సాక్ష్యం చెబుతాడు.