గుమ్మటంలో దూరిన జిన్ను

అనగా అనగా, సున్నపుగుట్ట కింద ఒక ఊరుందమ్మా. ఆ ఊరి మసీదుకు ఉద్దండు మేస్త్రి గుమ్మటం కట్టాడు. లోపల ఒక్క స్తంభం లేదు. నాలుగు గోడలు, నాలుగు కమానులు, వాటిమీద బోర్లించిన బానలాంటి గుమ్మటం. గానుగలో సున్నం రుబ్బించి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు, గుడ్డుసొన కలిపి గచ్చు పూయించాడు. నున్నటి ఏటిరాళ్ళతో రుద్దించి రుద్దించి దాన్ని అద్దం చేశాడు. కూలివాళ్ళు చాలన్నా వినలేదు.

మసీదు తెరిచాక ఒక సాయంత్రం ఊరిపెద్ద హుసేనప్ప మూలన జారగిలబడ్డాడు. అప్పుడు ఖాళీ గోడ గుసగుసగా అంది: "హుసేనప్ప గడ్డానికి గోరింటాకు పెట్టేది చలవకు కాదు, మూడో పెళ్ళికి." హుసేనప్ప రెండు చేతులతో గడ్డం దాచుకున్నాడు.

మర్నాటి సాయంత్రం ఇంకో పెద్ద, మదారు సాయిబు అక్కడే కూర్చున్నాడు. "మదారు బక్రీదుకు కోసింది పళ్ళూడిన మేకను," అంది గోడ. మేకకు నిజంగానే పళ్ళు లేవు.

ఆ తర్వాత మసీదు పెత్తనం చూసే జమాల్ సాహెబు వచ్చాడు. "జమాలు సజ్దాలో నేలకు తల ఆనిస్తే, గురక పెట్టాకే లేస్తాడు," అంది గోడ. ఆయన చెప్పులు మరిచి వీధిలోకి పరుగెత్తాడు.

"జిన్ను దూరింది! గుమ్మటం పడగొట్టండి!"

ఊరంతా గడ్డపారలతో వచ్చింది. మేస్త్రి పరుగున వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"సాహెబూ, రెండు ఎండాకాలాలు అందులోనే పనిచేశానే, నా గురించి ఒక్క మాటా అనలేదే ఆ జిన్ను!"

"నీ గురించి అనడానికి ఏముందిరా, సున్నం తప్ప?" అన్నాడు జమాల్ సాహెబు.

మేస్త్రి గోడ నిమిరాడు. జిన్నుకు మేక పళ్ళతో పనేమిటి అనుకున్నాడు. అప్పుడు అన్నాడు: "పెద్దలు ముగ్గురూ ఎదుటి మూలన గడ్డపారలకు కాపలా ఉండండి. మేమంతా ఈ మూలన జిన్నును పిలుస్తాం."

ముగ్గురూ కూర్చున్నారు. ఊరికే ఎంతసేపని కూర్చుంటారు పాపం? తలలు దగ్గర పెట్టారు.

"ఖాదరు తలపాగా చూడు, అత్తగారి చీర," అంది ఈ మూల గోడ. ఖాదరు చెయ్యి తలమీదకు పోయింది.

"పీరా సాయిబు అమ్మే పాలలో చేపలు ఈదొచ్చు," అంది గోడ. పీరా సాయిబు ముఖం పాలిపోయింది.

"మేస్త్రి ఏడిస్తే ఏడవనీ. ఈ గుమ్మటం ఉంటే మన గుట్టు దాగదు."

అందరూ గిరుక్కున తిరిగారు. ఎదుటి మూలన పెదవులు కదులుతున్నాయి, ఇక్కడ మాట పలుకుతోంది.

"జిన్ను కాదయ్యా, మీరే," అన్నాడు మేస్త్రి. "మొన్న మసకచీకట్లో ఒకరి గురించి ఒకరు అక్కడ చెప్పుకున్నదే ఇక్కడ విన్నారు. నున్నటి గచ్చు మీద మాట జారి ఈ మూలకు దిగుతుంది. ఇమాము గొంతు వెనక వరుసకు అందాలని అలా కట్టాను."

ఎవరి గడ్డపార వాళ్ళు భుజాన వేసుకుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఇళ్ళకు పోయారు. గుమ్మటం నిలిచింది.

ఇప్పటికీ ఆ మసీదులో ఎవరూ మూలన కూర్చోరు. నడిమధ్యన, నోరు మెదపకుండా కూర్చుంటారు. పొరుగూరివాళ్ళు చూసి, ఎంత భక్తో అని ముక్కున వేలేసుకుంటారు.

కథ కంచి బండెక్కింది,
మన దీపం కొండెక్కింది.