జెర్రి కాళ్ల లెక్క

అనగా అనగా, నీళ్ల మధ్య వేల దీవులుగా పరుచుకున్న ఫిలిప్పీన్స్ దేశంలో, మబ్బులు గుమ్మం దాకా వచ్చి పోయే ఒక కొండపల్లె ఉండేది. దాని పొలాలన్నీ మెట్లు మెట్లుగా కొండకు అతుక్కుని ఉండేవి. వాటికి నీళ్లు పై ఊరి కాలువ నుంచి రావాలి.

అందుకు ప్రతిగా, పన్నెండేళ్లకోసారి ఆ పల్లె పై ఊరికి ఒక బట్ట నేసి ఇచ్చేది. దాని మీద ఎర్రటి జెర్రులు బారులు తీరి ఉండేవి. ఏ జెర్రికి ఎన్ని కాళ్లో, ఏ కాలు పొట్టో, ఏ కాలు పొడుగో అంతా ఒక లెక్క. ఆ లెక్కను గాట్లుగా చెక్కిన వెదురు పుల్ల పై ఊరి పెద్ద దగ్గర ఉండేది. లెక్క కుదిరితే మళ్లీ పన్నెండేళ్లు నీళ్లు. కుదరకపోతే కాలువ మూత.

ఈసారి గడువు వచ్చేసరికి నేసేవాళ్లే లేరు. పల్లెవాళ్లు రేవు పట్నానికి కబురు పంపారు. అక్కడ డావిగ అనే ఆవిడ బట్టలు కుడుతూ, కూతురు ఇలాంగ్‌ను పెంచుకుంటోంది. పల్లెలో చివరిదాకా నేసిన పింగాయ్ ముసలమ్మకు డావిగ ఒక్కతే కూతురు.

డావిగ జాగ్రత్త మనిషి. నీళ్లు మరిగించాకే తాగుతుంది. మరిగాయో లేదో మళ్లీ చూస్తుంది. అలాంటి మనిషి, పొలాలు ఎండుతాయన్న మాట వినగానే కూతురి చెయ్యి పట్టుకుని పడవెక్కేసింది.

పై ఊరి పెద్ద బనాసో అప్పటికే పల్లెకు వచ్చి కూర్చున్నాడు. "మూడు బట్టలు చూస్తాను. నాలుగోది చూడను" అన్నాడు.

మొదటిది పల్లెపెద్ద పట్నం వ్యాపారి దగ్గర కొని తెచ్చాడు. తళతళలాడుతోంది. బనాసో ఒక బొటనవేలు పుల్ల మీద, ఇంకొకటి బట్ట మీద పెట్టి జరిపాడు. రెండో జెర్రి దగ్గరే ఆగాడు.

"ఇది జెర్రి కాదు నాయనా, దువ్వెన."

అందరూ నవ్వారు. పల్లెపెద్ద నవ్వలేదు.

రెండోది, చిన్నప్పుడు మగ్గం పని నేర్చిన డావిగ నేసింది. పింగాయ్ చేతుల నిండా పచ్చబొట్లు, అవే జెర్రులు. ఆ పల్లెలో బట్ట మీది బొమ్మే ఒంటి మీదా ఉండేది. డావిగ, ఆ ఊళ్లో వాడే చిన్న మగ్గాన్ని పట్టీతో నడుముకు కట్టుకుని, తల్లి చెయ్యి చూస్తూ నేసింది. కానీ ముడతల్లో చుక్కలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి.

"అమ్మా, ఈ కాలు పొట్టిదా, పొడుగుదా?"

"నాకేం తెలుసే. చూపు పోయి నాలుగేళ్లయింది."

"పోనీ లెక్క చెప్పు."

"నోటికి రాదు. చేతికి వస్తుంది."

డావిగకు ఆ మాట అర్థం కాలేదు. ఊహించి నేసింది. బనాసో వేలు తొమ్మిదో జెర్రి దగ్గర ఆగింది. "దగ్గరికొచ్చావమ్మా. కానీ ఇది కుంటిది."

ఆ మధ్యాహ్నం బనాసో కునుకు తీస్తుంటే పల్లెపెద్ద డావిగ చెవిలో అన్నాడు: "తప్పు ఒక్క కాలే కదా. పుల్ల మీదే ఇంకో గాటు పెడితే సరి."

"అలా వచ్చిన నీళ్లు నా బిడ్డకు తాగించను" అంది డావిగ.

అన్నదే గానీ, ఇంకొక్క బట్టే మిగిలింది. లెక్క తల్లి చేతికి వస్తుందంటే, ఆ చెయ్యి పని చెయ్యాలి కదా. అంటే పచ్చబొట్టు పొడిచే ముల్లు పట్టాలి. ఆ ముల్లుకు భయపడే, చిన్నప్పుడు ఒక్క చుక్కయినా పొడిపించుకోకుండా డావిగ పట్నం పారిపోయింది.

ఆమె దబ్బచెట్టు ముల్లు కోసి తెచ్చి, గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టింది.

"ఏమిటే, ముల్లు కూర వండుతున్నావా?" అంది పింగాయ్.

"మూడుసార్లు మరగనీ అమ్మా."

"ఊరందరికీ పొడిచాను. ఒక్క ముల్లూ ఉడకబెట్టలేదు."

"అందుకే నేను ఉడకబెడుతున్నాను."

డావిగ చెయ్యి చాపింది. ముసలమ్మ ముల్లును ఒక చిన్న కర్రకు కట్టి, మసిలో ముంచి, వెదురుతో కొట్టింది. టక్ టక్ టక్. పొట్టి కాలికి మూడు దెబ్బలు. టక్ టక్ టక్ టక్ టక్. పొడుగు కాలికి అయిదు. చూపులేని మనిషి చెయ్యి ఎక్కడా తడబడలేదు. ఒక్కో దెబ్బకూ ఇలాంగ్ నేల మీద ఒక గీత గీసింది. డావిగ కళ్లలో నొప్పికి నీళ్లు తిరిగాయి. అయినా తొమ్మిదో జెర్రి వచ్చేసరికి ఆమె పకపకా నవ్వింది.

"రెండు పొడుగు కాళ్లు వరసగా వచ్చాయే ఇలాంగ్. ఇక్కడే తప్పాను."

పన్నెండు రోజులు మగ్గం ఆగలేదు. వాచిన చేతికి ఆకు పసరు రాసుకుంటూ, నోటితో టక్ టక్ అనుకుంటూ నేసింది.

బనాసో వేళ్లు కదిలాయి. అయిదో జెర్రి. తొమ్మిదోది. పదిహేనోది. పుల్ల చివర, బట్ట చివర ఒకేసారి వచ్చాయి.

ఆయన బట్టను భుజాన వేసుకుని, "మా ఊళ్లో ఎనిమిది మంది ఆడపిల్లలున్నారు. పచ్చబొట్లు పొడవడానికి మీ అమ్మ చెయ్యి ఖాళీయేనా?" అని అడిగాడు.

"ముందు నా మనవరాలు. వాళ్లను వరసలో నిలబడమను" అంది పింగాయ్.

సాయంత్రానికి నీళ్లు మెట్టు మెట్టూ దిగి పొలాల్లోకి గలగలా వచ్చాయి.

పిల్లలూ, పెద్దల విద్యను దూరం నుంచి చూసి దించుకుంటే మనది కాదు. భయమున్నా వాళ్ల పక్కన కూర్చుని, నొప్పి ఓర్చుకుని నేర్చుకుంటేనే మనదవుతుంది.