షాఫ్టు మీద చుక్కలు

సింహాద్రికి పనితనంతో పాటు నోటి దురుసూ వచ్చింది. మొదటిది ఎనిమిదేళ్లుగా కరీముల్లా మేస్త్రి దగ్గర నేర్చుకున్నాడు. రెండోది సొంతం.

పంచదార మిల్లులో చెరకు నరికే కత్తుల షాఫ్టు అరిగిపోయింది. బేరింగు కూర్చునే చోట ఇనుము తరిగి, బేరింగు వదులైంది. విప్పి పట్నం పంపితే పది రోజులు పడుతుంది. గేటు బయట ట్రాక్టర్ల మీద చెరకు ఎండుతోంది. ఉన్నచోటే బాగుచెయ్యమని మేస్త్రిని పిలిపించారు.

"ఈ పని నీదే," అన్నారాయన సింహాద్రితో, మొట్టమొదటిసారి.

పాత బేరింగు లాగగానే షాఫ్టు మీద చుక్కలు కనబడ్డాయి. ఎవరో ఎప్పుడో మొనదేలిన ఉక్కు పంచ్ పెట్టి సుత్తితో కొట్టారు. చుక్క చుట్టూ ఇనుము కాస్త లేస్తుంది, వదులు బేరింగు బిగిసినట్టే ఉంటుంది. కొన్నాళ్లకు అది నలిగిపోయి షాఫ్టునే తినేస్తుంది, కత్తులు అదిరి విరిగి ఎగిరిపడొచ్చు.

"ఏ దద్దమ్మ పని గురువుగారూ ఇది? చేతులు విరగ్గొట్టాలి!"

మేస్త్రి "ఊఁ" అని టీ తాగారు.

సింహాద్రి అరిగిన చోట వెల్డింగుతో ఇనుము పోశాడు. గ్రైండింగు మిషను అక్కడే బిగించి, కొలతకు అరగదీశాడు. మేనేజరు మూడుసార్లు వచ్చి "ఇంకా ఎంతసేపయ్యా?" అన్నాడు. "సాయంత్రానికి తిప్పేస్తాం సార్," అన్నాడు సింహాద్రి ఛాతీ విరుచుకుని.

భోజనం చేసి వచ్చి మళ్లీ కొలిస్తే కొలత తప్పింది. ఇందాక కొలిచింది వేడి మీద. చల్లారాక షాఫ్టు వెంట్రుకవాసి తగ్గింది, బేరింగు మళ్లీ వదులే. మళ్లీ పొయ్యాలి, చల్లారనివ్వాలి, అరగదియ్యాలి. ఇంకో రోజు. పాపం, ఆ మొహం చూడలేం.

మేస్త్రి దగ్గరికి వచ్చి జరిగింది చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాలుగు చుక్కలు కొడితే ఈ సీజను గడిచిపోద్దండి. బేరింగు ఎక్కాక ఎవరికీ కనపడదు," అన్నాడు.

మేస్త్రి తిట్టలేదు. పెట్టె తెరిచి పంచ్, సుత్తి అందించారు. సింహాద్రి ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన ఇంకో డబ్బా కూడా తీసి పక్కన పెట్టారు. ఇనుము మీద అక్షరాలు కొట్టే పంచ్‌లవి.

"ఇవెందుకండీ?"

"చుక్కలు కొట్టాక పక్కనే నీ పేరు కొట్టు."

సింహాద్రి పంచ్ ఆనించాడు. నాలుగడుగుల దూరంలో చెరకు తోసే కూలీలు మిల్లు ఎప్పుడు తిరుగుతుందా అని కూర్చుని ఉన్నారు. కత్తులు తిరిగేటప్పుడు వాళ్లు నిలబడేదీ అక్కడే.

పంచ్ కింద పెట్టేశాడు. తనే మేనేజరు గదికి వెళ్లాడు. "తప్పు నాదే సార్, రేపు సాయంత్రం అవుద్ది," అన్నాడు. మేనేజరు పెట్టిన చీవాట్లు షెడ్డు దాకా వినిపించాయి. తిరిగొచ్చి వెల్డింగు మొదలుపెట్టాడు.

మర్నాడు షాఫ్టు మీద అరచెయ్యి ఆనించి, చల్లారిందని నమ్మకం కుదిరాకే కొలిచాడు. కొలత సరిపోయింది. బేరింగు బిగుతుగా ఎక్కింది. సాయంత్రానికి కత్తులు సాఫీగా తిరిగాయి. కూలీలు లేచి తమ చోట నిలబడ్డారు.

సామాన్లు సర్దుతూ అడిగాడు. "ఆ పాత చుక్కలు కొట్టినోడు పేరు కొట్టలేదేంటండీ?"

"అప్పుడు వాడికి ఆ మాట చెప్పేవాళ్లు లేరు."

"మీకు తెలిసినోడేనా?"

మేస్త్రి గుడ్డముక్కతో గ్రీజు తుడుచుకుని, రెండు చేతులూ శిష్యుడి ముందు చాపారు.

"విరగ్గొట్టాలన్నావుగా."