మేఖల తిన్న తెల్లదయ్యాలు

అనగనగా సముద్రం పక్కన ఒక ఊళ్ళో ఆరంతస్తుల మేడ ఒకటి ఉండేది. అందులో రాజులూ లేరు, రాణులూ లేరు. ఇరవై నాలుగు ఇళ్ళు, ఒకే ఒక్క లిఫ్టు, ఆ లిఫ్టు బటన్ నేను నొక్కుతానంటే నేను నొక్కుతానని పోట్లాడుకునే పిల్లలు. ఇలా దగ్గరికి జరుగు చిట్టీ. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఆఁ, ఇప్పుడు విను.

ఆ మేడలో నాలుగో అంతస్తులో మేఖల అని ఒక పిల్ల ఉండేది. నీకంటే ఒక్క ఏడాది పెద్దది. వాళ్ళ నాన్న ఓడలో పనిచేసేవాడు, ఏడాదిలో సగం నీళ్ళ మీదే ఉండేవాడు. అందుకని ఇంట్లో ఎప్పుడూ అదీ, వాళ్ళమ్మ పావనీ ఇద్దరే.

మేఖలకి గోధుమ పడదు. పడదంటే నీకు కాకరకాయ పడనట్టు కాదు, నవ్వకు! గోధుమలో గ్లూటెన్ అని ఒక జిగురు ఉంటుందిట. అది రవ్వంత లోపలికి వెళ్ళినా ఆ పిల్ల పేగులు వాచిపోతాయి. అన్నం తినొచ్చు, ఇడ్లీ తినొచ్చు. పూరీ తినకూడదు, బిస్కెట్టు తినకూడదు, కేకు తినకూడదు. మైదా తగిలిన చెంచా కూడా నోట్లో పెట్టకూడదు.

అదే మేడలో కింద ఇంట్లో ఎస్తేరమ్మ ఉండేది. ముప్పై ఏళ్ళు ఒక బేకరీలో కేకులు చేసింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. క్రిస్మస్ వచ్చిందంటే ఆవిడ వంటింటి వాసనకి మేడలో పిల్లలందరూ మెట్లు దిగి వచ్చేసేవాళ్ళు. ఆవిడ ఎవరినీ ఉత్త చేతులతో పంపేది కాదు.

ఒక క్రిస్మస్‌కి అందరూ కేకు తింటున్నారు. మేఖల ఒక్కత్తీ గుమ్మం పట్టుకుని నిలబడి, వాళ్ళ నోళ్ళకేసి చూస్తోంది. ఎస్తేరమ్మకి జాలేసింది. అప్పుడు ఆవిడ ఏం చేసిందనుకున్నావు? "ఒక్క ముక్కకి ఏమవుతుందిలే తల్లీ, అమ్మకి చెప్పకు" అని ఒక చిన్న ముక్క దాని చేతిలో పెట్టింది.

మేఖల తినేసింది. సాయంత్రానికల్లా వాంతులు. ఆ తర్వాత కడుపులో మెలిపెట్టే నొప్పి. మూడు రోజులు ఆసుపత్రిలో సెలైను పెట్టారు. ఇంటికొచ్చాక కూడా నెల్లాళ్ళు బడికి వెళ్ళలేకపోయింది పాపం.

పావని కిందికొచ్చి ఎస్తేరమ్మ గుమ్మంలో నిలబడింది. అరవలేదు, తిట్టలేదు. "మీరు ప్రేమగానే పెట్టారండీ. కానీ దాని చేతికి సూది గుచ్చడానికి నరం దొరకలేదు. ముగ్గురు పట్టుకోవాల్సి వచ్చింది" అంది. అంతే, వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ ఎదురుపడినా పలకరించలేదు.

ఎస్తేరమ్మ మళ్ళీ ఓవెన్ ముట్టుకోలేదు. దాని మీద ఒక పాత చీర కప్పేసింది.

అలా పది నెలలు గడిచాయి. అప్పుడు ఆ మేడలో పిల్లలకి హాలోవీన్ పార్టీ పెట్టారు. అది మన పండగ కాదులే. పిల్లలంతా దయ్యాల్లాగా, మంత్రగత్తెల్లాగా వేషాలేసుకుని, ఒకళ్ళనొకళ్ళు భయపెట్టుకుని, ఆ తర్వాత శుభ్రంగా మిఠాయిలు తినే సరదా. శనివారం సాయంత్రం ఆరింటికి, మేడ పైన హాల్లో అన్నారు.

ఒకరోజు ఎస్తేరమ్మ లిఫ్టు కోసం నిలబడితే, మెట్ల మీద మేఖలా, దాని స్నేహితురాలు రుక్సానా కూర్చుని మాట్లాడుకుంటున్నారు.

"రావే! నీ తిండి నువ్వు డబ్బాలో తెచ్చుకోవచ్చుగా" అంది రుక్సానా.

"డబ్బా పట్టుకుని మూల కూర్చోడానికి నేనెందుకు?" అంది మేఖల. "మీరంతా ఒకే పళ్ళెంలోంచి తీసుకుంటారు. నేను తీసుకోబోతే అందరూ ఒక్కసారి 'నువ్వొద్దు, నువ్వొద్దు' అని అరుస్తారు. నేను రాను."

లిఫ్టు వచ్చింది, వెళ్ళిపోయింది. ఎస్తేరమ్మ ఎక్కలేదు.

ఆ తర్వాత ఆవిడ నాలుగో అంతస్తుకి వెళ్ళింది. బెల్లు దాకా చెయ్యెత్తి వెనక్కొచ్చేసింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చేసింది. మూడో రోజు కళ్ళు మూసుకుని బెల్లు కొట్టింది.

పావని తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు.

"పావనీ, పిండే లేని మిఠాయి ఒకటుందమ్మా" అంది ఎస్తేరమ్మ గబగబా. "మెరాంగ్ అంటారు. గుడ్డులో తెల్లసొన, పంచదార, రెండు చుక్కలు నిమ్మరసం. అంతకంటే ఏమీ ఉండదు. దయ్యాల బొమ్మల్లా చేసి, కళ్ళకి నల్లనువ్వులు పెడతాను. అందరితో పాటు మేఖల కూడా అదే పళ్ళెంలోంచి తినొచ్చు."

"చెయ్యండి" అంది పావని. "కానీ తిననిస్తానని మాట మాత్రం ఇవ్వను."

ఆ మాటే చాలనుకుంది ఎస్తేరమ్మ. ఇంట్లో ఉన్న మైదా, గోధుమపిండి, రవ్వ అన్నీ పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. ఓవెన్ మీద చీర తీసి, లోపలా బయటా మూడుసార్లు తోమింది. కేకుల గిన్నెలు అటక మీద పెట్టించి కొత్త గిన్నె, కొత్త ట్రే, చేత్తో గిలక్కొట్టే కొత్త తీగల కవ్వం కొనుక్కొచ్చింది.

శుక్రవారం మొదటి వాయి మొదలెట్టింది. పది నెలలుగా పని లేని చేతులు కదా, గుడ్డు కొడుతుంటే పట్టు తప్పాయి. పచ్చసొన చుక్క ఒకటి తెల్లసొనలో పడింది. చిన్న చుక్కేలే అని గిలక్కొట్టడం మొదలెట్టింది. గంటసేపు కొట్టినా అది నురగ కట్టలేదు, గంజిలా జారుతూనే ఉంది. పచ్చసొనలో కొవ్వు ఉంటుంది చిట్టీ, అది తగిలితే తెల్లసొన పొంగదు. ఆ వాయిలో ఇంత పంచదార వేసి అట్టు పోసుకుని తినేసింది ఎస్తేరమ్మ. తియ్యటి అట్టు!

శనివారం పొద్దున్నే రెండో వాయి. ఈసారి పచ్చసొన చుక్క కూడా పడలేదు. తెల్లసొన పొంగి పొంగి దూదికుప్పలా నిలబడింది. మిక్సీలో మెత్తగా పట్టిన పంచదార కొంచెం కొంచెం కలిపింది. నురగని కాగితం పొట్లంలో నింపి ట్రే మీద గుండ్రంగా పిండుతూ పైకి లాగింది. కింద లావుగా, పైన కొసగా బుల్లి బుల్లి దయ్యాలు లేచాయి. ఒక్కో దానికి రెండేసి నల్లనువ్వులు కళ్ళుగా పెట్టింది. ఆ తర్వాత సన్నటి వేడి మీద గంటన్నర ఆరబెట్టింది. బయటికి తీస్తే ముత్యాల్లా ఉన్నాయి. ముట్టుకుంటే టకటకమన్నాయి.

ఎస్తేరమ్మ మురిసిపోతూ గిన్నెలు కడుగుతోంది. మిక్సీ జారు కడుగుతుంటే మూత తాలూకు రబ్బరు చుట్టు ఊడి వచ్చింది. దాని కింద, గాడిలో, సన్నగా గోధుమరంగు గీత ఒకటి కనిపించింది.

ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. క్రితం నెల ఆ జారులోనే గోధుమలు పట్టింది. అన్నీ కొత్తవి కొంది, జారు సంగతే మర్చిపోయింది!

ఆ గీత ఎండిపోయి ఉంది. పంచదారలో కలిసి ఉండొచ్చు, కలవకపోయి ఉండొచ్చు. ఎవరూ చూడలేదు. పార్టీకి నాలుగైదు గంటలే ఉంది. ఫ్రిజ్‌లో గుడ్లు నాలుగే ఉన్నాయి. నోరు మూసుకుంటే పావనికి తెలిసే దారే లేదు. ఎస్తేరమ్మ కుర్చీలో కూలబడి ఆ ట్రే వంక చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు లేచి, జారు చేత్తో పట్టుకుని, లిఫ్టు కోసం కూడా ఆగకుండా నాలుగంతస్తులూ ఎక్కింది.

"ఇదిగో చూడు పావనీ" అని రొప్పుతూ ఆ గీత చూపించింది. "పంచదార ఇందులో పట్టాను. చక్కగా వచ్చాయి కానీ అవి మేఖలకి పనికిరావు. నేను చెప్పకపోతే నీకు తెలిసేది కాదు. అందుకే చెప్పడానికొచ్చాను. నన్నేమైనా అను."

పావని ఆ జారు చేతిలోకి తీసుకుంది. వేలితో ఆ గీతని తడిమింది. లోపలికి వెళ్ళిపోయింది. అయిపోయింది అనుకుంది ఎస్తేరమ్మ, మెట్ల వైపు తిరిగింది.

"ఆగండి" అని వినిపించింది. పావని తన మిక్సీ జారుతో బయటికొచ్చింది. దాని నిండా పట్టడానికి పోసిన పంచదార ఉంది. ఇంకో చేతిలో నల్లనువ్వుల డబ్బా. "మా ఇంట్లో గోధుమ గింజ అడుగుపెట్టి నాలుగేళ్ళయింది. పదండి, టైమైపోతోంది."

అలా ఇద్దరూ కలిసి పొద్దుటి దయ్యాల్ని పక్కింటికి పంపేసి, గిన్నె, ట్రే, కవ్వం మళ్ళీ శుభ్రంగా తోమి, మూడో వాయి మొదలెట్టారు. బయట వాన పట్టుకుంది. గిలక్కొట్టి గిలక్కొట్టి ఎస్తేరమ్మ మణికట్టు లాగేసింది. "ఇలా ఇవ్వండి" అని పావని అందుకుంది. ఆవిడ చెయ్యి పీకితే మళ్ళీ ఈవిడ. మళ్ళీ ఆవిడ.

"చాలా? నిలబడిందా?" అంది పావని.

"చూద్దాం" అని ఎస్తేరమ్మ ఏం చేసిందో తెలుసా? గిన్నెని ఎత్తి తన నెత్తి మీద బోర్లించింది! పావని "అయ్యో!" అని అరిచింది. ఒక్క చుక్క జారలేదు. నురగ గిన్నెకి అంటుకుని అలాగే ఉంది. నెత్తి మీద గిన్నెతో కదలకుండా నిలబడ్డ ఎస్తేరమ్మని చూసి పావనికి నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ గట్టు పట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత దయ్యాల్ని ఓవెన్‌లో పెట్టారు. ఎదురుచూడాలి కదా, ఇద్దరూ కింద చాప మీద కూర్చున్నారు.

"నీ మాట కంటే నా జాలి గొప్పది అనుకున్నాను ఆవేళ" అంది ఎస్తేరమ్మ. "పైగా పిల్లకి అబద్ధం నేర్పాను, అమ్మకి చెప్పకు అని. రెండూ తప్పే. నన్ను క్షమించమ్మా."

పావని మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. "నేనూ ఒకటి చేశానండీ. ఆసుపత్రి నుంచి వచ్చాక దాన్ని కొట్టాను, ఎందుకు తిన్నావని. ఎనిమిదేళ్ళ పిల్ల. కేకు తినాలనుకోవడం కూడా తప్పేనా? అప్పట్నుంచీ అది ఎవరి చేతిదీ ముట్టుకోదు. మా అమ్మ పెట్టినా వాసన చూసి పక్కన పెడుతుంది."

ఎస్తేరమ్మ పావని చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఓవెన్ గంట మోగేదాకా అలాగే కూర్చున్నారు.

వాన గాలికి ఈ వాయి పొద్దుటంత అందంగా రాలేదు. ఒక దయ్యం కుంటింది. ఒకటి పక్కదాని మీద వాలిపోయింది. ఒకదానికి రెండు కళ్ళూ ఒకే వైపుకి వెళ్ళిపోయాయి. పావని ఒకటి కొరికి చూసింది. కరకరమని విరిగి, నాలుక మీద మంచులా కరిగిపోయింది. చెమ్మ తగలకుండా మిగతా అన్నిటినీ మూత గట్టిగా ఉన్న కొత్త డబ్బాలో పెట్టారు. గుడ్డు తినని ఇళ్ళ పిల్లలు కూడా ఉన్నారు కదా, వాళ్ళ కోసం పావని బెల్లంపాకం పట్టి మరమరాల ఉండలు చుట్టింది.

అప్పుడు పావని మేఖల దగ్గరికి వెళ్ళి తెల్ల దుప్పటికి రెండు కన్నాలు పెట్టి వేషం వేసింది. "నువ్వు తినేవి ఉన్నాయి, రా" అంది. అది నమ్మలేదు. అయినా వచ్చింది.

హాల్లో పిల్లలంతా కేకులూ బిస్కెట్లూ పట్టుకుని గోలగోలగా ఉన్నారు. ఎస్తేరమ్మ డబ్బా మూత తీసి, దయ్యాల్ని ఒక పెద్ద పళ్ళెంలో పేర్చి బల్ల మీద పెట్టింది. పెట్టి, తను దూరంగా గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

మేఖల దుప్పటి కన్నాల్లోంచి పళ్ళెం వంక చూసింది. ఆ తర్వాత తల్లి వంక చూసింది. "అమ్మా, ఇవి నేను తినొచ్చా?"

"తినొచ్చు. నేనూ చెయ్యి వేశాను."

"అందరూ తినే ఈ పళ్ళెంలోంచేనా?"

"ఈ పళ్ళెంలోంచే. కానీ కేకు పట్టుకున్న చేతులు ఇందులో పడకూడదు కదా? అందుకని నువ్వే అందరికీ పెట్టు. ముందు నువ్వు తిను."

మేఖల దుప్పటి తీసేసింది. కళ్ళు ఒకే వైపుకి వెళ్ళిన దయ్యాన్ని ఏరి తీసుకుంది. ఒకసారి వాసన చూసింది. నాలుక కొసతో ముట్టింది. అప్పుడు మొత్తం నోట్లో పెట్టేసుకుంది. బుగ్గలు ఉబ్బాయి. కరకర చప్పుడైంది. ఆ తర్వాత ఆ చప్పుడు ఆగిపోయింది, అది కరిగిపోయింది కదా! మేఖల కళ్ళు పెద్దవి చేసి వాళ్ళమ్మని చూసింది. పావని మొహం అటు తిప్పుకుని కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఇంక మేఖల పళ్ళెం రెండు చేతులతో ఎత్తుకుంది. రుక్సానాకి పెట్టింది. మంత్రగత్తెలకి పెట్టింది, అస్థిపంజరాలకి పెట్టింది. "గుడ్డు తింటావా? తినవా? అయితే నీకు ఆ ఉండలు" అని ఒక్కొక్కళ్ళనీ అడిగి అడిగి మరీ పెట్టింది. అడక్కుండా ఎవరి చేతిలోనూ ఏదీ పెట్టలేదు. ఎవరైనా నేరుగా పళ్ళెంలో చెయ్యి పెట్టబోతే "ఆఁ ఆఁ, చెయ్యి తియ్యి, నేనే పెడతా" అని ఎంత దర్జాగా అందనుకున్నావు!

అందరికీ పెట్టాక పళ్ళెంలో రెండే మిగిలాయి. ఒకటి కుంటి దయ్యం. మేఖల హాలంతా దాటుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. "మామ్మా, ఇంకా నువ్వు తినలేదు" అని ఎస్తేరమ్మకి ఒకటి ఇచ్చి, ఇంకోటి తను తీసుకుంది. ఇద్దరూ గోడకి ఆనుకుని కరకరలాడిస్తూ తిన్నారు.

పావని మాత్రం మూడు రోజులు పిల్ల కడుపు తడిమి చూస్తూనే ఉంది. ఏమీ కాలేదు. వాంతి లేదు, నొప్పి లేదు. నాలుగో రోజు బడికెళుతూ మేఖల, "అమ్మా, సాయంత్రం అమ్మమ్మ వస్తుందిగా. తను చేసి తెచ్చేది నేనూ తింటాను. ఏమేం వేసిందో అడిగి తింటాలే" అంది.

పావని దాని జడ అల్లుతూ అల్లుతూ ఆగిపోయింది. ఆ తర్వాత రిబ్బను గట్టిగా కట్టి, పిల్లని బడికి పంపింది.

అంతే చిట్టీ. ఆవలింతలు వస్తున్నాయా? ఇటు తిరిగి పడుకో. నాతో పాటు అను:

తెల్లదయ్యం నోట్లో కరిగె,
తల్లి గుండెలో దిగులు తరిగె,
కథ నడిచె కంచికి,
చిట్టి చేరె మంచానికి!