గురవమ్మ తిన్న మడ్డి

అనగనగా ఒక అడవిలో ఒక నూనె గానుగ ఉండేది. అడవిలో గానుగేమిటని అడక్కండి, ఉండేది అంతే. దాన్ని తిప్పేది గురవమ్మ అనే ఎలుగుబంటి. అవిసె గింజలు ఆడించి, ఆ నూనె నీరసంగా ఉన్న పిల్లలకి రోజుకో చుక్క పోసేది. పిల్లలు పుంజుకునేవి.

గురవమ్మకి వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి ఒకటుంది. కొత్త నూనె రాగానే గుడ్డలో వడకడుతుంది. గుడ్డలో మిగిలిన మడ్డిని మూడు రోజులు తనే తింటుంది. తనకేమీ కాకపోతేనే నూనె పిల్లలకి.

"నూనే తాగి చూడొచ్చుగా, ఆ చేదు మడ్డి ఎందుకు?" అని ఎవరైనా అడిగితే, "నూనెలో చెడు చిటికెడుంటే, మడ్డిలో గుప్పెడుంటుంది. నాలాంటి దున్నపోతు ఒంటికి చిటికెడు తెలుస్తుందా?" అనేది.

ఆ ఏడు నూనె కాస్త ఎర్రగా దిగింది.

అప్పుడే చిట్టెమ్మ అనే జింక పరుగున వచ్చింది. దాని పిల్లకి చూపు సరిగ్గా ఆనడం లేదు. చెట్లకి గుద్దుకుంటోంది.

"అక్కా, వాగు అవతల తోడేలు తిరుగుతోంది. అదొస్తే ఎటు పరిగెత్తాలో నా బుజ్జిదానికి కనబడదు. ఇవాళే నూనె ఇవ్వు!"

కొమ్మ మీద కొండముచ్చు వీరాసామి ఇకిలించాడు. "ఎర్రగా ఉంది, విషమే! పారబొయ్యి!"

"పోయినేడు నల్లగా వస్తే అప్పుడూ పారబొయ్యమన్నావు. అది తాగే నీ మనవడు కొమ్మలెక్కుతున్నాడు" అంది గురవమ్మ. "రంగు చూసి నేనేమీ చెప్పలేను. మూడు రోజులాగు చిట్టెమ్మా."

"ఆలస్యం అమృతం విషం అంటారక్కా!"

"విషాన్ని తొందరగా ఇస్తే అమృతమైపోదుగా, తల్లీ!"

మొదటి రోజు గురవమ్మ మడ్డి తింది. ఏమీ కాలేదు. రెండో రోజూ తింది. ఏమీ కాలేదు. చిట్టెమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"చూశావా, రాయిలా ఉన్నావు! నీకు పిల్లలుంటే తెలిసేది నా బాధ!" అనేసింది.

గురవమ్మ మనసు చివుక్కుమంది. కానీ నూనె కుండ మీద మూత తియ్యలేదు.

మూడో రోజు పొద్దున్నే చిట్టెమ్మ మళ్ళీ వచ్చింది. గురవమ్మ లేవలేకపోతోంది. రెండు కాళ్ళూ గుమ్మడికాయల్లా వాచిపోయాయి. చిట్టెమ్మ ఆ కాళ్ళని చూసింది. పుల్లల్లాంటి తన పిల్ల కాళ్ళు గుర్తొచ్చాయి. బావురుమంది.

"ఈ వాపు నా బిడ్డకి రావాల్సిందక్కా! నిన్ను ఎంత మాటన్నాను!"

"ఏడుపు తర్వాత. ముందు ఆ కుండ బోర్లించు" అంది గురవమ్మ.

మిగిలిన గింజలు కుమ్మరించి చూస్తే, అవిసెల మధ్య ఏదో ముళ్ళ మొక్క గింజలు కలిసున్నాయి, నల్లగా, గుండ్రంగా. చిట్టెమ్మ రోజంతా కూర్చుని పెదాలతో ఒక్కొక్కటే ఏరేసింది. గురవమ్మ గానుగంతా కడిగించి, కుంటుకుంటూనే మళ్ళీ ఆడించింది.

ఈసారి నూనె పచ్చగా మెరుస్తూ దిగింది.

"ఆహా, బంగారం! ఇంకేం చూస్తారు, పొయ్యండి!" అన్నాడు వీరాసామి.

"నువ్వు నోరుముయ్యి బాబాయ్" అంది చిట్టెమ్మ. "మూడు రోజులాగుదాం అక్కా. ఈసారి మడ్డి నేను తింటాను."

మూడు రోజులూ మొహం చిట్లించుకుంటూ తింది. నాలుగో రోజు పొద్దున లేచి గెంతి చూసుకుంది. కాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. అప్పుడు పిల్ల నాలుక మీద మొదటి చుక్క వేసింది.

నెల తిరిగేసరికి బుజ్జిది దూరాన్నుంచే తల్లిని గుర్తుపట్టి, ఒక్క చెట్టుకీ గుద్దుకోకుండా పరిగెత్తుకొచ్చింది.

నీతి: రంగు చూసి మంచిదనీ అనొద్దు, చెడ్డదనీ అనొద్దు. పసివాళ్ళ నోట్లో పెట్టేదాన్ని ముందు పరీక్షించి చూడాలి.